ధారణ: ఎం.వి.పి. కాలనీ మెదడు కసరత్తు ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మా సెక్టారు కమ్యూనిటీ హాలులో అరవై ఏళ్లు దాటినవారి కోసం వారానికి మూడు సాయంత్రాలు, పూటకు గంట చొప్పున మెదడుకు కసరత్తు నడపాలని మా సంక్షేమ సంఘం నిర్ణయించింది. ఆ గంట ఎలా నడవాలో రూపొందించే పనిని హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరైన నాకు అప్పగించారు. పేర్లు ఇచ్చినవారిలో పోర్టులో, స్టీల్‌ప్లాంటులో పనిచేసి విరమించినవారు, ఆసుపత్రి నర్సులు, ఇల్లు నడిపి పిల్లలను పెంచిన గృహిణులు, పెద జాలారిపేటలో ఏళ్ల తరబడి చేపలు అమ్మిన ఒక మామ్మగారు ఉన్నారు. ఆమెకు చదవడం రాదు. అందువల్ల కాగితం, కలం లేకుండా నడిచేవే ప్రధాన కసరత్తులుగా ఉండాలని ఆరంభంలోనే నిశ్చయించుకున్నాను. పజిల్ పుస్తకాలు పంచి ఊరుకుంటే ఆమె తొలివారంలోనే మానేస్తారు. చదువు తక్కువైనవారికే డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు) ముప్పు ఎక్కువ కాబట్టి, అలాంటివారు మానేసే పద్ధతిలో ఈ పని చేయడంలో అర్థం లేదు.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024 నివేదికలో మార్చుకోదగిన 14 కారణాలను పేర్కొని, వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. ఇది జనాభా మొత్తానికి వర్తించే లెక్క. ఒక మనిషికి 45 శాతం రక్షణ దొరుకుతుందని దానికి అర్థం కాదు. ఈ తేడాను మొదటి సమావేశంలోనే బోర్డు మీద లెక్క వేసి వివరించాను. చక్కెర జబ్బు, రక్తపోటు, వినికిడి లోపం, చూపు లోపం, పొగతాగడం, శారీరక శ్రమ లేకపోవడం, ఒంటరితనం, మనోవ్యాకులత, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం వంటివన్నీ ఆ జాబితాలో ఉన్నాయి గానీ, సుడోకు చేయకపోవడం అందులో లేదని కూడా చెప్పాను. అయినా మెదడుకు పని కల్పించే ఈ గంట ఎందుకు అవసరమో చెప్పాలంటే అమెరికాలో జరిగిన యాక్టివ్ అనే పరిశోధనను ప్రస్తావించాలి.

1998లో మొదలైన ఆ పరిశోధనలో 65 ఏళ్లు, ఆ పైబడిన 2,800 మందికి పైగా పాల్గొన్నారు. వారిని లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక జట్టుకు జ్ఞాపకశక్తిలో, ఒక జట్టుకు తర్కంలో, మరొక జట్టుకు చూసినదాన్ని గ్రహించే వేగంలో అయిదారు వారాల పాటు పది తరగతుల శిక్షణ ఇచ్చి, నాలుగో జట్టుకు ఏ శిక్షణా ఇవ్వలేదు. పదేళ్ల తరువాత చూస్తే తర్కంలోనూ, వేగంలోనూ లాభం కొంత నిలిచింది. జ్ఞాపకశక్తి శిక్షణ లాభం నిలవలేదు. అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. ఏ నైపుణ్యంలో శిక్షణ పొందితే ఆ నైపుణ్యమే మెరుగైంది తప్ప, ఒకదానిలో చేసిన సాధన మరొకదానికి పాకలేదు. బడిలో ఎక్కాలు వల్లించిన పిల్లవాడికి భిన్నాలు వాటంతట అవే రావని నాకు ముప్పై ఏళ్ల అనుభవం చెప్పింది. వృద్ధాప్యంలోనూ అదే నియమం వర్తిస్తుంది. కాబట్టి మా గంటలో ఒకే రకం ఆట ఉండకూడదు, కష్టం ఒక చోట ఆగకూడదు, నేర్చుకున్నది రోజువారీ జీవితానికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

జూన్, నెలాఖరు

కసరత్తు మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరి స్థితిని నమోదు చేశాము. పది మాటల జాబితాను వినిపించి, ఇరవై నిమిషాల తరువాత ఎన్ని గుర్తున్నాయో అడగడం ఒకటి. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కించడం మరొకటి. మూడోది అంకెను, వారాన్ని మార్చి మార్చి చెప్పడం: ఒకటి, ఆదివారం, రెండు, సోమవారం, మూడు, మంగళవారం. వినడానికి సులువుగా ఉన్నా, ఒక వరుసను మనసులో నిలుపుతూ మరొక వరుసలోకి దాటడం మెదడు ముందుభాగానికి గట్టి పని. ఈ మూడింటికీ అక్షరజ్ఞానం అక్కర్లేదు.

మాటల జాబితాలు రెండు తయారు చేశాను. చివర్లో కూడా మొదటి జాబితానే అడిగితే, శిక్షణ వల్ల కాకుండా ఒకసారి విన్న పరిచయం వల్ల అంకెలు పెరుగుతాయి. రెండు జాబితాల్లోనూ మాటల పొడవు, వాడుక సమానంగా ఉండేలా నర్సుగా పనిచేసిన అమ్మగారితో కూర్చుని సరిచూశాను. అప్పటికీ పరీక్ష ఇవ్వడమన్న అలవాటు వల్ల కొంత పెరుగుదల తప్పదు. శిక్షణ లేని మరో జట్టు మాకు లేదు కాబట్టి, ఈ డైరీలోని ఏ ఫలితమూ నివారణకు రుజువు కాదన్న మాటను హాలు నోటీసు బోర్డు మీద కూడా రాయించాను.

జూలై, మొదటి మూడు వారాలు

తెలుగువారికి వేరే దేశం నుంచి మెదడు ఆటలు తెచ్చుకునే అవసరం ఉందా అని ఆలోచిస్తే, అష్టావధానం గుర్తుకు వచ్చింది. ఒకేసారి ఎనిమిది మంది పృచ్ఛకులకు జవాబిస్తూ, మధ్యలో గంట మోతలను లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగికుడి చిలిపి ప్రశ్నలకు తొణక్కుండా, చివరికి పద్యాలన్నిటినీ ధారణతో, అంటే జ్ఞాపకం మీద, అప్పజెప్పే ఆ విద్యలో దృష్టిని విభజించడం, అలవాటైన మాటను అణచిపెట్టడం, మధ్యలో ఆగిన ఆలోచనను మళ్లీ అందుకోవడం, దీర్ఘకాలం గుర్తుంచుకోవడం అన్నీ ఉన్నాయి. ఛందస్సు మాకు రాదు, అక్కర్లేదు కూడా. దానిలోని అంశాల నిర్మాణాన్ని మాత్రమే తీసుకుని, పద్యానికి బదులు మామూలు మాటను పెట్టాము.

గంట లెక్కతో ప్రారంభించాము. ఇద్దరు కూర్చుని నిన్నటి వంట గురించి మాట్లాడుకుంటూ ఉంటే, వెనకనుంచి ఒకరు వేళాపాళా లేకుండా పూజ గంట కొడతారు. అయిదు నిమిషాల తరువాత ఇద్దరూ గంటల సంఖ్య చెప్పాలి, ఎదుటివారు చెప్పిన వంట వివరం కూడా చెప్పాలి. మొదట్లో గంటలు లెక్కపెట్టినవారు సంభాషణను వదిలేశారు, సంభాషణ వినినవారు గంటలను వదిలేశారు. రెండో వారానికి చాలామంది వేళ్లు ముడిచి లెక్కపెట్టడం నేర్చారు. అది తెలివైన ఉపాయమే. అయితే చేతులకు ఊరట ఇస్తే మెదడుకు పని తగ్గుతుంది కనుక, వేళ్ల లెక్క కుదిరినవారికి చేతిలో దారపు ఉండ చుట్టే పని కలిపాము.

నిషిద్ధాక్షరి మా హాలుకు ప్రాణమైంది. అవధానంలో పృచ్ఛకుడు అడుగడుగునా తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. మేము ఒక నిమిషం పాటు ఒకే అక్షరాన్ని నిషేధించాము. ‘ర’ లేకుండా మా రైతు బజారు గురించి మాట్లాడమంటే, బజారు అన్న మాటే పోయింది, కూరగాయలు పోయాయి, ధర పోయింది, రూపాయి పోయింది. స్టీల్‌ప్లాంటు పెద్దాయన కొంతసేపు నోరు తెరిచి నిలబడి, ‘సంత’ అని, ‘వెల’ అని, ‘బెండకాయలు’ అని ఒక్కొక్క మాటనూ వెతికి పట్టుకున్నారు. నోటికి ముందుగా వచ్చే మాటను ఆపి, తరువాతి మాటకు దారి ఇవ్వడమే ఇక్కడి కసరత్తు. వయసుతో మందగించే శక్తుల్లో ఈ ఆపే శక్తి ఒకటి. ఇంటి తాళం వేయకుండా ఫోను మోగిందని వెనక్కి పోయే మరపులో కూడా ఇది పాలుపంచుకుంటుంది.

చేపల మామ్మగారు ఈ అంశంలో అందరినీ మించిపోయారు. సముద్రం గురించి ‘ర’ లేకుండా చెప్పమంటే ఆమె ‘గంగమ్మ’ అన్నారు, కెరటానికి ‘అల’ అన్నారు. వల, తెప్ప, పడవ, తరువాత కోనాం, చందువ, కానాగడతలు అనే చేపలు వరుసగా వచ్చాయి. “ఇందులో కష్టం ఏటుంది మాస్టారూ?” అని ఆమె అడిగితే, నేను వెంటనే ‘ల’ను కూడా నిషేధించాను. అప్పుడు అల పోయింది, వల పోయింది, ఆమె నవ్వుతూనే కాస్త తడబడ్డారు. ఎవరికి ఏది సులువైతే అక్కడ మరో మెట్టు ఎక్కించాలన్నదే ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా పట్టుకున్న నియమం. సులువుగా చేసే పని ఎంతసేపు చేసినా అది అలవాటును కొనసాగించడమే అవుతుంది, కొత్త శక్తిని అడగదు.

దత్తపదికి తాళం, అరటాకు, సైరన్, మేనత్త అని నాలుగు మాటలు ఇచ్చి ఒక చిన్న కథ చెప్పించాము. ఆ కథను అదే సాయంత్రం చివర ఒకసారి, రెండు రోజుల తరువాత మరోసారి, వారం తరువాత ఇంకోసారి అడిగాము. గుర్తుచేసుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని బలపరుస్తుందని, పదేపదే చదువుకోవడం కంటే మధ్యలో ఎడమిచ్చి అడగడం మేలని ప్రయోగశాలల్లో పలుమార్లు తేలింది. అందుకే ధారణను గంట చివరి ఆటగా కాకుండా, ప్రతి గంటకూ మొదటి ప్రశ్నగా పెట్టాము: మొన్నటి కథలో మేనత్త ఏం చేసింది?

జూలై, చివరి వారం

వానలు. వచ్చినవారు తక్కువ. నేల మీద సుద్దతో గీసి పులిజూదం ఆడించాము. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల పక్షాన ఆడేవారు నాలుగు ఎత్తుల ముందుకు ఆలోచించాలి. ఓడిన ప్రతి ఆటలో ఎక్కడ దారి తప్పిందో నోటితో చెప్పించడం ఆట కంటే ఎక్కువ పని కల్పించింది.

ఆగస్టు

యాక్టివ్ పరిశోధనలోని వేగ శిక్షణను మా హాలుకు తేవడానికి ఈ నెల పట్టింది. పదేళ్ల వివరాలను తిరిగి విశ్లేషించి 2017లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, వేగ శిక్షణ పొందినవారిలో డిమెన్షియా ముప్పు 29 శాతం తక్కువగా కనిపించింది. వైద్యుడి నిర్ధారణ మీద మాత్రమే కాకుండా పరీక్షల మార్కుల మీద, కుటుంబం చెప్పిన వివరాల మీద కూడా ఆధారపడి డిమెన్షియాను లెక్కించారు గనుక ఈ అంకెను కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. నేను దాన్ని ఆశగా చూస్తున్నాను, హామీగా కాదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు బ్రౌజరులో నడిచే చిన్న ప్రోగ్రాము రాశాడు. తెర మధ్యలో ఆటో గానీ బస్సు గానీ కనిపించి మాయమవుతుంది. అదే క్షణంలో అంచున ఎనిమిది దిక్కుల్లో ఒకచోట మరో వాహనం మెరుస్తుంది. మధ్యలో ఏది, అంచున ఎక్కడ అని రెండూ చెప్పాలి. బొమ్మ పోయిన వెంటనే చుక్కల ముసుగు వేయకపోతే కంటిలో మిగిలిన నీడను చూసి చెప్పేస్తారని అతడే గ్రహించి ఆ ముసుగును జోడించాడు. అర సెకనుతో మొదలై, వరుసగా రెండు జవాబులు సరైతే సమయం తగ్గుతుంది, ఒకటి తప్పితే పెరుగుతుంది. ఈ నియమం ప్రకారం కష్టం సుమారు 71 శాతం జవాబులు సరయ్యే చోట స్థిరపడుతుందని సంభావ్యత లెక్కతో చూపించవచ్చు. నేర్చుకోవడానికి తగినంత గెలుపు, తగినంత సవాలు అక్కడ ఉంటాయి. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కాబట్టి 16.7 మిల్లీసెకన్ల కంటే తక్కువ సమయం చూపడం మా టాబ్లెటులో సాధ్యం కాదు. మావారెవరూ ఆ హద్దు దగ్గరికి రాలేదు.

ఇద్దరికి కంటి శుక్లాలున్నట్టు ఈ ఆటలోనే అనుమానం వచ్చి కంటి వైద్యుడి దగ్గరికి పంపాము. లాన్సెట్ 2024 జాబితాలో కొత్తగా చేరిన రెండు కారణాల్లో చూపు లోపం ఒకటి, చెడు కొలెస్ట్రాల్ రెండోది.

డబ్బు కట్టి కొనే ఆప్‌లు మంచివేనా అని చాలామంది అడుగుతున్నారు. లుమోసిటీ అనే ఆప్‌లోని ఆటలు వయసుతో వచ్చే మతిమరుపును తగ్గిస్తాయని ప్రకటనలు ఇచ్చి, వాటిని నిరూపించే ఆధారం చూపలేదంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన ఆరోపణలపై 2016లో ఆ ఆప్ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. పింఛను డబ్బును అలాంటి చందాలకు పోయవద్దని అందరికీ స్పష్టంగా చెప్పాను.

సెప్టెంబరు

పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన గంట లెక్కలో, మాటల జాబితాలో వెనకబడుతూ, పులిజూదంలో, తెర ఆటలో మాత్రం ముందుంటున్నారు. విన్నవి తప్పుతున్నాయి, చూసినవి తప్పడం లేదు. ఆయన భార్య “టీవీ చప్పుడుకి మా ఇంట్లో ఉండలేకపోతున్నాం మాస్టారూ” అన్నారు. చెవి పరీక్ష చేయిస్తే ఎక్కువ పౌనఃపున్యపు, అంటే సన్నని ధ్వనుల్లో వినికిడి బాగా తగ్గిందని తేలింది. ‘స’, ‘శ’, ‘త’ వంటి హల్లులు అక్కడే జారిపోతాయి. సగం విన్న మాటను ఊహించి పూరించడానికే మెదడు శక్తి ఖర్చయిపోతే, దాచుకోవడానికి మిగిలేది తక్కువ. పైగా వినబడని మనిషి మెల్లగా మాటలకు దూరమవుతాడు.

70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మందితో వినికిడి యంత్రాలపై మూడేళ్లు జరిపిన అచీవ్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే వినికిడి యంత్రాల వల్ల తేడా కనిపించలేదు; గుండె, రక్తనాళాల సమస్యల వంటి ముప్పులు ఎక్కువున్న ఉపజట్టులో మాత్రం మెదడు శక్తుల క్షీణత 48 శాతం నెమ్మదించింది. పెద్దాయనకు అధిక రక్తపోటు, చక్కెర రెండూ ఉన్నాయి. యంత్రం పెట్టుకోవడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. ధారణ ఆటలో తన వంతు వచ్చినప్పుడు ఎదుటివారు చెప్పిన కథ పూర్తిగా వినబడటమే ఆయనను ఒప్పించింది.

ఇదే నెలలో హాలులో రక్తపోటు యంత్రం పెట్టించి, నెలకొకసారి అందరి అంకెలూ రాయడం ప్రారంభించాము. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అనే పరిశోధన ఫలితాల్లో, పై అంకెను 120 లోపుకు తేవాలని గట్టిగా చికిత్స చేసిన జట్టులో స్వల్ప జ్ఞాపక లోపం 19 శాతం తక్కువగా వచ్చింది. మందుల మోతాదు మాత్రం వైద్యుడే తేల్చాలి. అంత తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోయేవారు కూడా ఉంటారు.

అక్టోబరు

కసరత్తులకు తోడుగా, మొదటి నుంచీ తెలియని విద్య ఒకటి అందరూ నేర్చుకోవాలన్న ఆలోచన ఉంది. 2014లో ప్రచురితమైన సినాప్స్ అనే పరిశోధనలో 60 నుంచి 90 ఏళ్లవారు బొంతలు కుట్టడమో, డిజిటల్ ఫొటోగ్రఫీయో మూడు నెలలు, వారానికి సుమారు 15 గంటలు నేర్చుకుంటే, కబుర్లతో కాలం గడిపిన జట్టుకంటే జ్ఞాపకశక్తిలో మెరుగయ్యారు. మాకు వారానికి మూడు గంటలే ఉన్నాయి కాబట్టి అంత ఫలితాన్ని ఆశించడం న్యాయం కాదు. అయినా దిశ అదే.

బరంపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నర్సమ్మగారు ఒడియా లిపి నేర్పుతానన్నారు. తలపై గొడుగు పట్టినట్టుండే ఆ గుండ్రని అక్షరాల్లో ఒకదానికొకటి ఉన్న సూక్ష్మ భేదాలను పట్టుకోవడానికి అందరూ కళ్లు చికిలించి కూర్చుంటున్నారు. చేపల మామ్మగారికి లిపి అడ్డవుతుందేమోనని నాకు బెంగగా ఉండేది. పూరీ తీరంలోని తెలుగు మత్స్యకారుల వాడలో ఆమెకు చుట్టాలున్నారని, ఒడియా ధారాళంగా మాట్లాడతారని ఆ పూట తెలిసింది. ఇప్పుడు లిపి ఒకరు, మాట ఒకరు చెబుతున్నారు.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. చదువురాని వారిలోనూ ఆ ఆలస్యం ఉండటం, కేవలం చదువే దీనికి కారణం కాదని చూపుతుంది. మామ్మగారికి ఈ విషయం చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చదువుకోలేదన్న లోటును జీవితమంతా మోసిన మనిషికి తన భాష కూడా ఒక ఆస్తి అని వినడం చిన్న విషయం కాదు. అయితే ఏళ్ల తరబడి రెండు భాషల మధ్య మసలినవారి గురించిన అధ్యయనమది. డెబ్భైలో అక్షరాలు దిద్దే మాకు అదే లాభం వస్తుందని దాని ఆధారంగా చెప్పలేము.

నవంబరు

ఒకావిడ ఒకే గంటలో ఒకే ప్రశ్నను పదేపదే అడుగుతున్నారు. కాలనీలోనే దారి తప్పారని కూతురు చెప్పింది. కసరత్తులు ఇంకొన్ని చేయించమని ఆమె కోరింది గానీ, నేను ముందు న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్లమన్నాను. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత, నిద్రమాత్రల వంటి మందుల ప్రభావం కూడా మతిమరుపులా కనిపిస్తాయి, వాటిలో చాలావాటికి చికిత్స ఉంది. మా హాలు రోగనిర్ధారణ చేసే చోటు కాదు. ఇలాంటి సందర్భంలో ఆటలు పెంచడమంటే విలువైన కాలాన్ని పోగొట్టడమే. ఆవిడను మాత్రం హాలుకు రావద్దనలేదు. దత్తపదిలో ఆమె కథ చెప్పరు, మాటలు ఎంపిక చేసి ఇస్తారు.

రెండో జాబితాతో మళ్లీ పరీక్షించాము. అంకె-వారం మార్పిడిలో చాలామంది వేగం, నిలకడ స్పష్టంగా పెరిగాయి. జంతువుల పేర్లలో పెద్ద తేడా లేదు. కొత్త మాటల జాబితాలో కొందరు మెరుగయ్యారు, కొందరు ఉన్నచోటే ఉన్నారు; పోర్టు పెద్దాయన మెరుగుదల అందరికంటే ఎక్కువ, అందులో చాలా భాగం చెవికి దక్కాలి. ఏ శక్తికి పని చెప్పామో అదే పెరిగిందన్న యాక్టివ్ అనుభవానికి ఇది దగ్గరగానే ఉంది. పెరగని అంశాలే తరువాతి విడతలో మా పని.

హాలు బయటికి కూడా కసరత్తును తీసుకువెళ్తున్నాము. ఉదయం నడకలో బీచ్ రోడ్డు మీద ఇద్దరిద్దరు జంటగా నడుస్తూ దత్తపది కథ అల్లుతారు. మాట మొదలవగానే నడక ఆగిపోయేవారికి పడిపోయే ముప్పు ఎక్కువని 1997లోనే గుర్తించారు కాబట్టి, అలాంటివారికి ముందు నడక, తరువాత మాట. రైతు బజారుకు వెళ్లేటప్పుడు ఎనిమిది వస్తువుల చీటీని జేబులోనే ఉంచి జ్ఞాపకం మీద కొని, మొత్తాన్ని మనసులో కూడి, చివర్లో చీటీతో సరిచూసుకుంటారు. 60 నుంచి 77 ఏళ్ల మధ్య 1,260 మందితో ఫిన్లాండులో రెండేళ్లు జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన ఫింగర్ పరిశోధన ఆహారం, వ్యాయామం, మెదడు శిక్షణ, రక్తనాళాల ముప్పులపై నిఘా అన్నిటినీ కలిపే లాభం చూపింది. మా ప్రాజెక్టుకు అసలైన నమూనా అదే.

డిసెంబరు

యాక్టివ్‌లో 11వ నెలలో, 35వ నెలలో కొందరికి మలివిడత తరగతులు ఇచ్చారు. మేమూ ఈ విడత ముగిసిన జట్టుకు వచ్చే వేసవి ముందు ఒక మలివిడత ఉంచుతున్నాము. కొత్తగా పేర్లు ఇచ్చినవారికి సంక్రాంతి వెళ్లిన తరువాతి సోమవారం నుంచి తరగతులు. గంట కొట్టే బాధ్యత పోర్టు పెద్దాయనది, నిషిద్ధాక్షరి మామ్మగారిది. చేరేవారు ముందుగా చెవి, కన్ను పరీక్షించుకుని, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోవాలి.